తాత కాగితంలో ఉన్నవి రెండు పోస్టింగులు కావు

తమ్ముడూ, మీ తాత మిలిటరీ డిశ్చార్జి బుక్కులో ‘16 లైట్ కావల్రీ’ అనీ, 1965 దగ్గర ‘1 ఆర్మర్డ్ డివిజన్’ అనీ ఉంది, ఏది నిజం అని అడిగినావు. రెండూ నిజమే. 16 లైట్ కావల్రీ అనేది రెజిమెంటు, అంటే ఒక ట్యాంకుల దళం. అది సొంతిల్లు లాంటిది: మూడు స్క్వాడ్రన్లు (ట్యాంకుల గుంపులు), దాదాపు 45 ట్యాంకులు. అట్లాంటివి కొన్ని కలిస్తే బ్రిగేడు. బ్రిగేడ్లు, ఫిరంగులు, ఇంజనీర్లు అందరూ కలిస్తే డివిజన్. 16 కావల్రీ 1776లో పుట్టిన పాత మద్రాసు దళం, అందులో మన దక్షిణాదోళ్ళే ఎక్కువ. 1965 సెప్టెంబరులో, పాకిస్తాన్‌తో యుద్ధంలో, 1 ఆర్మర్డ్ డివిజన్ కిందనే సియాల్‌కోట్ వైపు, ఫిల్లోరా దగ్గర సెంచూరియన్ ట్యాంకులతో కొట్లాడింది.

బుక్కులో ట్రేడ్ (చేసిన పని) గడిలో గన్నరా, డ్రైవరా చూడు. ట్యాంకులో ఉండేది నలుగురే, తాత కూర్చున్న చోటు తెలిసిపోతుంది. సిరా వెలిసిపోయింటే ఎండ వెలుతురులో ఫోటో తీయి. ఆర్మీ నంబరు పట్టుకొని కర్నూలులో సైనిక సంక్షేమ ఆఫీసుకు పో. అహ్మద్‌నగర్‌లో (ఇప్పుడు అహిల్యానగర్) ఉన్న ట్యాంకు దళాల రికార్డ్స్ ఆఫీసుకు ఎట్లా రాయాల్నో చెప్తారు. అవ్వ దగ్గర పాత ఉత్తరాలుంటే పారేయనియ్యొద్దు.