చలిలో పొదిగే పెట్టను లేపకండి

అన్నా, పరకాల చలికి గుడ్ల మీద కూర్చున్న పెట్టను లేపేయాలా అని అడిగారు. లేపకండి, గుడ్లు తగ్గించండి. 12 పెడితే అంచున ఉన్నవి రెక్కల కిందికి రాక చల్లబడతాయి, 8 చాలు. గంపలో గోనెసంచి, దాని మీద మందంగా వరిగడ్డి పరిచి, ఈదురుగాలి తగలని మూలన పెట్టండి. పూర్తిగా మాత్రం కప్పకండి, ఊపిరాడదు.

ఎండెక్కాక రోజుకొకసారి దింపి జొన్నలు, నీళ్లు పెట్టండి. పావుగంటలో తనే తిరిగి ఎక్కుతుంది. మా నల్లపెట్టకు అంత ఓపిక కూడా లేదు. రెట్ట వేసి, బూడిదలో ఒకసారి పొర్లి, ముక్కున గింజతోనే గంపలోకి దూకుతుంది.

ఏడో రాత్రి చీకట్లో ఫోను లైటు మీద గుడ్డు పెట్టి చూడండి. సాలెగూడులా ఎర్రటి నరాలు కనిపించకపోతే అది మురిగే గుడ్డే, తీసేయండి. మిగిలినవి 21వ రోజుకు పిల్లలవుతాయి. అప్పటికి పిల్లలకు వెచ్చగా ఉండేందుకు ఒక బల్బు సిద్ధంగా ఉంచుకోండి.