ఏటవాలు అనంతస్పర్శరేఖ: 2ఎక్స్ − 3 ఎందుకు కాదు?

ఏటవాలు అనంతస్పర్శరేఖ (వక్రం దూరం వెళ్లేకొద్దీ దగ్గరవుతూ పోయే వాలు సరళరేఖ) కనుక్కోవడానికి మీరు తీసుకున్న ప్రమేయం (2ఎక్స్² − 3ఎక్స్ + 5)/(ఎక్స్ − 2). లవాన్నీ హారాన్నీ ఎక్స్‌తో భాగించి, ఎక్స్ అనంతంగా పెరిగేటప్పుడు 5/ఎక్స్, 2/ఎక్స్ సున్నాను చేరుతాయి గనుక వాటిని వదిలేస్తే వై = 2ఎక్స్ − 3 వస్తోందనీ, పుస్తకంలో మాత్రం వై = 2ఎక్స్ + 1 అని ఉందనీ మీ సందేహం. పుస్తకంలో ఉన్నదే సరైనది. డిగ్రీ మొదటి సంవత్సరంలో నేనూ అచ్చం ఇదే దారిన వెళ్లి మార్కులు పోగొట్టుకున్నాను. దిద్దిన పేపరు మీద ఎర్ర గీత ఉందే గాని కారణం రాసి లేదు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, ఎక్స్‌కు 102 ఇచ్చి చూశాను. ప్రమేయం విలువ 205.07, నేను రాసిన రేఖ మీద విలువ 201. ఎక్స్‌ను 1002 చేస్తే అవి 2005.007, 2001 అయ్యాయి. ఎంత దూరం వెళ్లినా 4 తేడా అలాగే మిగులుతోంది. అనంతస్పర్శరేఖ అయితే ఆ తేడా సున్నాకు చేరాలి కదా.

ఆ 4 ఎక్కడిదో చూడండి. హారంలోని 2/ఎక్స్ చిన్నదే, కానీ పైన 2ఎక్స్ అంతే వేగంగా పెరుగుతోంది. హారం 1 కంటే 2/ఎక్స్ మేర తక్కువ కావడం వల్ల భాగఫలం సుమారు 2ఎక్స్ × 2/ఎక్స్, అంటే 4 మేర పెరుగుతుంది. −3కు ఆ 4 కలిస్తే 1. పరిమిత అవధి ఉన్నచోట చిన్న పదాలను వదిలేయడం చెల్లుతుంది గాని, లవమే అనంతానికి పోతున్నచోట చెల్లదు. వాలు 2 అని సరిగ్గానే వచ్చింది. తప్పిపోయింది స్థిరపదం ఒక్కటే.

బహుపదుల భాగహారంలో ఈ చిక్కు లేదు. 2ఎక్స్²ను ఎక్స్‌తో భాగిస్తే 2ఎక్స్; దానితో హారాన్ని గుణించి తీసివేస్తే ఎక్స్ + 5 మిగులుతుంది; మళ్లీ భాగిస్తే 1, శేషం 7. కనుక ప్రమేయం 2ఎక్స్ + 1 + 7/(ఎక్స్ − 2). చివరి భిన్నం నిజంగానే సున్నాను చేరుతుంది కాబట్టి అనంతస్పర్శరేఖ వై = 2ఎక్స్ + 1. ఇక్కడ శేషాన్ని పారేయకండి: ఎక్స్ 2 కంటే ఎక్కువైనప్పుడు 7/(ఎక్స్ − 2) ధనాత్మకం, కనుక వక్రం రేఖకు పైన ఉంటుంది; తక్కువైనప్పుడు కింద ఉంటుంది. గ్రాఫు గీసేటప్పుడు ఇది చాలా పని తగ్గిస్తుంది.

లవం పరిమాణం (ఎక్స్ అత్యధిక ఘాతం) హారం పరిమాణం కంటే సరిగ్గా ఒకటి ఎక్కువ ఉన్నప్పుడే ఇలాంటి రేఖ వస్తుంది. ఎక్స్³/(ఎక్స్² + 1) వంటి వాటిని భాగించేటప్పుడు లేని పదాల చోట సున్నాలు రాసుకోండి; నా తప్పుల్లో సగం అక్కడివే. దానికి జవాబు ఎక్స్ − ఎక్స్/(ఎక్స్² + 1). శేషం ఎక్స్ = 0 వద్ద సున్నా అవుతుంది గనుక వక్రం తన అనంతస్పర్శరేఖ వై = ఎక్స్‌ను మూలబిందువు వద్ద దాటుతుంది. దాటకూడదన్న నియమమేమీ లేదు.

మీ వక్రానికే వస్తే, దాని సమీకరణాన్ని (వై − 2ఎక్స్ − 1)(ఎక్స్ − 2) = 7 అని రాసి చూడండి. ఇంటర్‌లో చదివిన అతిపరావలయమే అది, ఎడమవైపున్న రెండు కారణాంకాలను విడివిడిగా సున్నాకు సమానం చేస్తే దాని అనంతస్పర్శరేఖలు వస్తాయి.