గ్రంథాలయంలో ఉచితంగా దొరికే సేవలు విశ్వవిద్యాలయ విద్యార్థులకు తెలిసేలా ఏం చేయవచ్చు?

సాటి గ్రంథాలయ ఉద్యోగిగా మీరు రెండు సంగతులు అడిగారు. గ్రంథాలయంలో ఇన్ని ఉచిత సేవలు ఉన్నా విద్యార్థులు ఎందుకు వాడుకోవడం లేదన్నది మొదటిది; కొత్త పోస్టర్లు, ఫ్లెక్సీలు వేయించడానికి నిధులు అడగాలా అన్నది రెండోది. నేను ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో 12 ఏళ్లుగా పనిచేస్తున్నాను. అంతకు ముందు ఆ సేవలేవీ తెలియని విద్యార్థిగా కౌంటరుకు అవతలి వైపు నిలబడినవాణ్ణే కనుక, రెండు వైపుల నుంచి చూసినదాన్ని రాస్తున్నాను.

ఎం.ఏ. చరిత్ర చదివే రోజుల్లో, తీరాంధ్ర జమీందారీల మీద ప్రాజెక్టు రాయడానికి నాకు మరో విశ్వవిద్యాలయంలో సమర్పించిన ఒక సిద్ధాంత గ్రంథం కావలసి వచ్చింది. రాత్రంతా రైల్లో ప్రయాణించి వెళ్లి, పరిచయ పత్రం చూపించి, జిరాక్సుకు అనుమతి లేదంటే రెండు రోజులు అక్కడే కూర్చుని చేత్తో రాసుకొని వచ్చాను. ఆ తర్వాత రెండు నెలలకు మా సీనియర్ ఒకాయన అదే గ్రంథాన్ని మొత్తం, పీహెచ్‌డీ గ్రంథాలుండే వెబ్‌సైటు శోధ్‌గంగలో తెరిచి చూపించాడు. పీహెచ్‌డీ గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతులను సమర్పించాలని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2009లోనే నిబంధన పెట్టిందనీ, వాటిని గాంధీనగర్‌లోని విశ్వవిద్యాలయ గ్రంథాలయాలను కలిపే ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం ఎవరైనా చదువుకునేలా ఉంచుతోందనీ నాకు అప్పుడే తెలిసింది. నేను బయలుదేరే ముందు మా గ్రంథాలయానికి వెళ్లి, ఆ పుస్తకం ఇక్కడ ఉందా అని అడిగాను, లేదన్నారు. ఎందుకు కావాలని మాత్రం ఎవరూ అడగలేదు. ఆ గదిలోనే నోటీసు బోర్డు మీద శోధ్‌గంగ పోస్టరు ఉండి ఉంటుందేమో కూడా, నేను చూడలేదు.

అందుకే పోస్టర్ల మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. మనం గ్రంథాలయ పరిచయ కార్యక్రమం పెట్టేది విద్యాసంవత్సరం మొదటి వారంలో. ఆ వారంలో పిల్లలు హాస్టల్ గది, స్కాలర్‌షిప్ దరఖాస్తు, బస్ పాస్ చుట్టూ తిరుగుతుంటారు. అవసరం పడేది నాలుగు నెలల తర్వాత, అప్పటికి విన్నది గుర్తుండదు. పైగా మనం వాడే మాటలు మన వృత్తివి: ఈ-రిసోర్సెస్, రిమోట్ యాక్సెస్, ఇంటర్ లైబ్రరీ లోన్. విద్యార్థి అడిగేది ‘ఈ ఆర్టికల్ పీడీఎఫ్ దొరుకుతుందా’, ‘ఇంటి దగ్గర నుంచి ఓపెన్ అవుతుందా’ అని. నేను నోటీసుల మీద మన మాటలు తీసేసి వాళ్ల ప్రశ్నలనే రాయించిన తర్వాత, కౌంటరు దగ్గర ఆగి అడిగేవాళ్లు కనిపించసాగారు.

ఇంకో సంగతి. మా రీడింగ్ హాలు ఉదయం తెరవగానే నిండిపోతుంది, కానీ అక్కడ కూర్చున్నవారిలో ఎక్కువమంది చదివేది సొంత పుస్తకాలు, గ్రూప్స్ మెటీరియల్. వాళ్లకు గ్రంథాలయమంటే ఫ్యాను, నిశ్శబ్దం, ఛార్జింగ్ ప్లగ్గు. మొదట్లో నాకు ఇది చిన్నతనంగా అనిపించేది. తర్వాత ఆలోచిస్తే, వాళ్లు రోజూ తప్పకుండా చూసే చోటు ఆ ప్లగ్గేనని తోచింది. ప్రతి ప్లగ్గు పక్కనా అరచేయంత చీటీ ఒకటి, దాని మీద ఒకే ఒక్క సేవ, ఒక క్యూఆర్ కోడ్ అంటించి, నెలకోసారి మారుస్తూ వచ్చాను.

అన్నిటికన్నా ఎక్కువమంది ఆగిపోయే చోటు లాగిన్. ఎన్-లిస్ట్ సంగతే తీసుకోండి: కళాశాలల కోసం నడుస్తున్న ఈ పథకంలో 6,000కు పైగా ఈ-జర్నళ్లు, లక్షల్లో ఈ-పుస్తకాలు ఉన్నాయి; కళాశాలకు సభ్యత్వం ఉంటే విద్యార్థి పైసా కట్టనక్కరలేదు. అయితే ఎవరి యూజర్ ఐడీ వాళ్లకు కళాశాల ద్వారా రావాలి. కళాశాల జాబితా పంపిస్తుంది, పాస్‌వర్డు ఈమెయిల్‌కు వస్తుంది, ఆ ఈమెయిల్ ఇంటర్మీడియట్ ప్రవేశాలప్పుడు నెట్ సెంటర్ అతను తెరిచిపెట్టినది, దాని పాస్‌వర్డు విద్యార్థికి తెలియదు. ఈ కథ ఒకరిది కాదు, ఏటా పదుల సంఖ్యలో చూస్తాను. అందుకని ఇప్పుడు ఉపన్యాసం మానేసి, తరగతికి వెళ్లి, ముందు ప్రతి ఒక్కరి ఫోన్‌లో ఈమెయిల్ తెరిపించి, లాగిన్ చేయించి, వాళ్ల సబ్జెక్టులో ఒక పుస్తకం తెరిచేదాకా ఉంటున్నాను. ఒక పీరియడ్ మొత్తం పడుతుంది. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవాళ్లకు వెతకవలసిన ఇంగ్లీషు మాటలు నాలుగైదు బోర్డు మీద రాసి చూపిస్తే చాలు, మిగతాది వాళ్లే చేసుకుంటారు. తెలుగు శాఖ పిల్లలకైతే శోధ్‌గంగలో తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో ఒకసారి వెతకమని చెబుతాను.

మీ సంస్థకు ఏది వర్తిస్తుందో ముందు మీరు తేల్చుకోవడం అవసరం, ఎందుకంటే ఒకసారి చెప్పింది తెరుచుకోకపోతే విద్యార్థి మళ్లీ మన మాట వినడు. కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరులో ఆమోదించిన ‘ఒకే దేశం, ఒకే చందా’ పథకం కింద 2025 నుంచి 30 ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13,000 జర్నళ్లు అందుబాటులోకి వచ్చాయి. కానీ అది కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు నడిపే విద్యాసంస్థలకు, కేంద్ర ప్రభుత్వ పరిశోధనా సంస్థలకు ఉద్దేశించినది. ప్రైవేటు కళాశాలలో ఉన్నవారికి ఎన్-లిస్ట్ సభ్యత్వం ఉందో లేదో అడగాలి. శోధ్‌గంగ, ఐఐటీ ఖరగ్‌పూర్ నిర్వహించే జాతీయ డిజిటల్ గ్రంథాలయం మాత్రం ఏ కళాశాల విద్యార్థి అయినా వాడుకోవచ్చు.

పరిశోధక విద్యార్థుల విషయంలో నాకు బాధ కలిగించేది ప్లేజియరిజం చెక్, అంటే రాసినది ఇతరుల రచనలతో ఎంత పోలి ఉందో సాఫ్ట్‌వేర్‌తో చూడడం. 2018 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం పోలిక పది శాతం దాటితే ఇబ్బంది అని భయపడి, క్యాంపస్ గేటు బయట డబ్బులిచ్చి చెక్ చేయించుకుంటారు. ఆ సాఫ్ట్‌వేర్‌ను శోధ్‌శుద్ధి పథకం 2019 నుంచి విశ్వవిద్యాలయాలకు ఇస్తోంది, చేసిపెట్టవలసినది మనమే. ఈ సంగతి విద్యార్థికి కాదు, గైడుకు చెప్పండి. నా అనుభవంలో అధ్యాపకుడి నోటి నుంచి వచ్చిన ఒక్క వాక్యం నా పది నోటీసులతో సమానం. మా దగ్గర అర్థశాస్త్రం మేడం ఒకరు రెండో సెమిస్టర్ అసైన్‌మెంటులో ‘శోధ్‌గంగ నుంచి ఒక అధ్యాయం చదివి రాయండి’ అని చేర్చారు. ఆ వారం నా కౌంటరు ఖాళీగా లేదు. ప్రతి శాఖలో ఇలాంటివారు ఒకరైనా ఉంటారు, వాళ్లను వెతికి పట్టుకోండి. అసైన్‌మెంటు ఇచ్చిన రోజునే క్లాస్ రిప్రజెంటేటివ్ ద్వారా వాట్సాప్ గ్రూపులో ఒక లింకు, రెండు వాక్యాలు పంపించండి, అంతకు మించి వద్దు.

ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల బుక్ బ్యాంక్ పుస్తకాలు, చూపు లేనివారికి ఉపయోగపడే ఆన్‌లైన్ గ్రంథాలయం సుగమ్య పుస్తకాలయ వంటివి మాత్రం గుంపులో ప్రకటించకండి. కావలసినవారికి విడిగా చెబితేనే వస్తారు.

చాలామంది మా కౌంటరుకు మొదటిసారి వచ్చేది చివరి ఏడాదిలో, నో డ్యూస్ సంతకం కోసం. ఏమైనా పుస్తకాలు తీసుకున్నావా అని అడిగితే, ‘లేదు సార్, అందుకే డ్యూస్ లేవు’ అన్నాడు ఒకబ్బాయి. ఆ సంతకాల కోసం వచ్చేవారిని నేను ఒక ప్రశ్న అడిగి నోటు పుస్తకంలో రాసుకుంటాను: ఇక్కడ ఉందని తెలియక బయట డబ్బు పెట్టింది దేనికి? మరుసటి ఏడాది ప్లగ్గుల పక్కన ఏ చీటీలు ఉండాలో అందులోంచే తేలుతుంది. ఇక మీ రెండో ప్రశ్నకు వస్తే, నిధులు అడగండి, కానీ ఫ్లెక్సీలకు కాదు. ఆ డబ్బుతో రీడింగ్ హాలులో మరో నాలుగు ప్లగ్గులు పెట్టించండి.