విమానం ఒక్కరే కట్టుకోవచ్చు, డాలీ ఎవరు పడతారో చూసుకోండి

"ఇంట్లో కిట్ విమానం (విడిభాగాలు పెట్టెల్లో కొని మనమే బిగించుకునేది) ఒక్కరే కట్టగలరా, సాయం కావాలా?" అని అడిగారు. ఏ కిట్టో చెప్పకుండా అడిగితే ఎలాగండీ? ఆర్వీ-12 అనే చిన్న విమానం కిట్ అయితే, రేకుల్ని కలిపే రివిట్లు దాదాపు అన్నీ పాప్ రివిట్లే. ఒక పక్క నుంచే లాగేస్తారు, ఎవరూ అక్కర్లేదు. నాది ఆర్వీ-7. గట్టి రివిట్లు, వేలల్లో ఉంటాయి. బయట నుంచి ఒకరు రివిట్ గన్‌తో కొడుతుంటే లోపల ఇనప దిమ్మ, అదే డాలీ, ఆనించి ఇంకొకరు పట్టుకోవాలి. చెయ్యి అందినంత మేర ఒక్కడినే లాగించాను. రెక్క మధ్యకొచ్చేసరికి దేవుళ్ళకి నాలుగేసి చేతులు ఎందుకో తెలిసింది.

మేముండేది డాలస్ పక్కన. రెండు కార్ల గ్యారేజీ, రెండు కార్లూ బయట ఎండలో. మొదటి ఏడాది తోక భాగం ఒక్కడినే చేశాను. సంగతి మనవాళ్ళకి తెలిసింది, ఇక శనివారం శనివారం "సాయానికి వస్తాం" అని ఫోన్లు. వస్తారు, నాలుగు క్లీకోలు (రివిట్ కొట్టేదాకా రేకుల్ని పట్టి ఉంచే క్లిప్పులు) గుచ్చుతారు, ఫోటోలు దిగుతారు, "మొత్తం ఎంతవుద్ది?" అంటారు, బిర్యానీ తిని వెళ్తారు. ఒకాయన నా రడ్డర్ (తోక మీద అటూ ఇటూ తిరిగే రెక్క) మీద కాఫీ కప్పు పెట్టాడు. పేరు రాయను, ఇది చదువుతాడు. విమానాల పిచ్చి ఉన్నవాడు సాయానికి పనికిరాడని నేను అప్పుడే తేల్చుకున్నాను. వాడి కళ్ళు ఎప్పుడూ ఇంజన్ మీదే, చేతిలో రివిట్ మీద ఉండవు.

ఆ ఎండాకాలం అమ్మానాన్నలు వచ్చారు. నాన్న ఆర్టీసీ వర్క్‌షాపులో, బస్సు బాడీలు కట్టే సెక్షన్‌లో చేసి రిటైరయ్యారు. రెండు వారాలు టీవీ చూసి విసిగిపోయి గ్యారేజీలోకి వచ్చారు. నేను వందకు పైగా డాలర్లు పోసి కొన్న టంగ్‌స్టన్ దిమ్మ, ఇక్కడ బకింగ్ బార్ అంటారు, చేతిలో ఆడించి, "డాలీయా? మేం పాత కమాను కట్ట ముక్క కోసుకునేవాళ్ళంరా" అన్నారు. నేనేం మాట్లాడలేదు.

రెక్కని స్టాండులో నిలబెట్టి చెరో పక్కా నిలుచున్నాం. మధ్యలో రేకు, ఒకరికొకరం కనపడం. చెవులకి మఫ్‌లు. అందుకని డాలీతో రేకు మీద తట్టడమే భాష: ఒకటి కొడితే ఇంకాస్త కొట్టమని, రెండు కొడితే బాగుందని, మూడు కొడితే పాడైందని. నాన్న రెండు పూటల్లో పట్టేశారు.

మూడో రోజు రాత్రి తొమ్మిది దాటాక టక్, టక్, టక్. వెళ్ళి చూస్తే రివిట్ లోపలి తల ఓ పక్కకి వాలిపోయింది. గేజ్ పెట్టాను. అటూ ఇటూ కాని కొలత. "వదిలెయ్ నాన్నా, లోపల ఎవరికి కనపడుద్ది" అన్నాను. ఆయన మఫ్‌లు మెడలోకి లాక్కుని, "బస్సులో వదిలేస్తే వానకి కారుద్ది. ప్యాసింజరు తిడతాడు. ఇందులో తిట్టడానికి ఎవడు మిగుల్తాడ్రా?" అన్నారు.

ఆ రివిట్ విప్పడానికి నేను 40 నంబరు డ్రిల్ తీశాను. కోపంగా ఉన్నప్పుడు డ్రిల్ పట్టుకోకూడదు. బిట్టు మధ్యలో నిలవలేదు, రంధ్రం పెద్దదైంది. దానికి ఊప్స్ రివిట్ అని ఒకటి అమ్ముతారు, నిజంగానే ఆ పేరుతో పిలుస్తారు. తల చిన్నది, ఒళ్ళు లావు. అది వేసి గట్టెక్కాను. కొద్దిగా వంకరపోయిన రివిట్ జోలికి పోతే మంచిదాన్ని చెడగొట్టుకున్నట్టేనని పాత బిల్డర్లు చెప్తారు. అదీ నిజమే. ఆ మాట నాన్నతో ఇప్పటిదాకా అనలేదు. మర్నాటి నుంచి విప్పాల్సినవన్నీ ఆయనే విప్పారు.

చట్టం సంగతి కూడా అడుగుతారు మీరు. అమెరికా విమానయాన శాఖ ఎఫ్ఏఏ లెక్కలో సగానికి పైగా పని సరదాకో నేర్చుకోడానికో చేసినవాళ్ళదై ఉండాలి, అందరూ 51 శాతం రూల్ అంటారు. కూలి తీసుకోని నాన్న చెమట ఆ లెక్కలోకి వస్తుంది, డబ్బిచ్చి షాపులో చేయించింది రాదు. అయినా చెక్కు రాసిచ్చి "నేనే కట్టా" అని చెప్పుకునేవాళ్ళని చూశాను, ఒళ్ళు మండుద్ది. మా బాబాయి అయితే ఇదేదో ఇండియాలోనే కట్టొచ్చుగా అంటాడు. ముంబయిలో అమోల్ యాదవ్ డాబా మీద ఆరు సీట్ల విమానం కడితే దానికి రిజిస్ట్రేషన్ 2017లో గానీ రాలేదు బాబాయ్!

కట్టడం మొదలెట్టాక దగ్గర్లోని ఈఏఏ (ఇంట్లో విమానాలు కట్టేవాళ్ళ సంఘం) చాప్టర్ నుంచి, పని చూసి సలహా చెప్పే టెక్నికల్ కౌన్సిలర్‌ని పిలవండి. పైసా తీసుకోరు. రేకు లోపల చెడిపోకుండా ప్రైమర్ పూత వెయ్యాలా వద్దా అని మాత్రం నన్నడక్కండి, ఆ గొడవ ఈ జన్మకి తెగదు.

రెక్కలు అయిపోయాయి. ఫ్యూజిలాజ్, అంటే విమానం ఒళ్ళు, దాని పెట్టె ఇంకా విప్పలేదు. తోకవైపు సన్నటి గొట్టంలోకి ఒకరు డాలీ పట్టుకుని దూరాలి. నాన్న మార్చిలో వస్తున్నారు. గన్ తనదేనట, లోపలికి దూరాల్సింది నేనట. ఫోన్లోనే తేల్చేశారు.