ఉప్పుగాలి గోడకు ఏ స్క్రూలు కొట్టించాలి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

గోపాల్‌పూర్‌లో మేడమీద గదికి సముద్రం వైపు సిమెంట్ బోర్డులు కొట్టిస్తున్నావని మీ అమ్మ చెప్పింది. బోర్డు సంగతి తర్వాత, ముందు స్క్రూల సంగతి తేల్చుకో నాయనా. ఒడ్డున మొదట పోయేవి అవే.

బరంపురం నుంచి నల్ల జిప్సం స్క్రూలు తెస్తే వాడనివ్వకు. అవి ఇంటిలోపలి పనికి. మెరిసే మామూలు స్క్రూల మీద జింకు పూత 5 నుంచి 12 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు). కరిగిన జింకులో ముంచి తీసినవాటికి 45 మైక్రాన్ల దాకా ఉంటుంది, ఊరి లోపలి ఇళ్లకు అవి చాలు. నీ గోడకు మాత్రం 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు వేయించు. మామూలు 304 గ్రేడులో ఉప్పును తట్టుకునే మాలిబ్డినం లోహం ఉండదు, ఉప్పు దాన్ని చుక్కలు చుక్కలుగా తింటుంది. కొట్లో 410 గ్రేడు స్టెయిన్‌లెస్ అంటగడితే అయస్కాంతం పెట్టి చూడు, గట్టిగా పట్టుకుంటే తిరిగిచ్చెయ్. 304కీ 316కీ తేడా అయస్కాంతం చెప్పదు. అందుకని బిల్లులో గ్రేడు రాయించుకో. అంచుల్లో 200, మధ్యలో 300 మి.మీ.కి ఒకటి చొప్పున ఎనిమిది-నాలుగు అడుగుల బోర్డుకు 45-50 పడతాయి. ధర చూసి వెనకాడకు.

316 మెత్తన, ఇనుప ఫ్రేమును తనంతట తొలచలేదు. 4.8 మి.మీ. స్క్రూకు పల్చటి జీఐ (జింకు పూత ఇనుప) ఫ్రేము చానెల్‌లో 4 మి.మీ. లోపు రంధ్రం ముందే వేయించు. రాలిన ఇనుప రజను వెంటనే ఊడ్పించు. అది బోర్డు మీద ఉండిపోతే తుప్పు మచ్చ పడుతుంది, స్క్రూలే పాడయ్యాయని అనుకుంటావు. డ్రైవర్‌ను గట్టిగా నొక్కనివ్వకు. తల బోర్డుతో సమంగా కూర్చోవాలి. లోపలికి దిగిపోతే పైపొర చిట్లి ఆ గుంటలో ఉప్పునీరు నిలుస్తుంది.

సీలెంట్ విషయంలో జాగ్రత్త. పిండేటప్పుడు వెనిగర్‌లా ఘాటు వాసన వచ్చే సిలికాన్ వద్దు, ఆ ఆమ్లం చానెల్ మీది జింకును తినేస్తుంది. న్యూట్రల్ రకం అడుగు. టైల్స్‌కు యాసిడ్ కడుగుడు ఉంటే బోర్డులు బిగించకముందే అయిపోవాలి. ఆ యాసిడ్ స్టెయిన్‌లెస్‌నూ వదలదు.

చాలామంది కనిపెట్టని చోటు చూరు కింద. వాన తగిలే చోట ఉప్పు కడుక్కుపోతుంది, చూరు నీడలో పేరుకుపోతుంది. అక్కడి వరసలను నెలకోసారి మంచినీళ్లతో కడిగించు, ఉప్పు బోరు నీళ్లు పనికిరావు.

ఎక్కడైనా గోధుమరంగు చార కనబడితే పైన పెయింటు పూసి మూసెయ్యకు. తుప్పు ఉబ్బి తల చుట్టూ బోర్డును పగలగొడుతుంది, లోపల స్క్రూ మెడ సన్నబడుతుంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను తీరం దాటింది మీ దగ్గరే కదా, అలాంటి గాలి బోర్డును బయటికి లాగితే ఆ మెడే తెగుతుంది. చార పడ్డదాన్ని తీయించి, 40 మి.మీ. పక్కన అదే చానెల్‌లోకి కొత్తది వేయించి, పాత రంధ్రం సీలెంట్‌తో నింపించు. ఈ తనిఖీ ఏటా సెప్టెంబరులోనే, తుఫాన్ల రోజులు రాకముందే కానియ్.