డబ్బా తెరిచే ముందు

చిరంజీవి మేనకోడలికి పెద్దత్త ఆశీస్సులు.

నాయనమ్మ మాసికమైనా పెట్టకముందే నీవు ఆమె బర్మా రోజుల ఆచూకీ తీయడం మొదలుపెట్టావనీ, రంగూన్ ప్రయాణానికి సిద్ధపడుతున్నావనీ మీ నాన్న చెప్పినప్పుడు నాకు గర్వమూ గుబులూ ఒకేసారి కలిగాయి. ముందు ప్రయాణం మాట. 2021 సైనిక తిరుగుబాటు తరువాత ఆ దేశం, అదే ఇప్పటి మయన్మార్, అంతర్యుద్ధంలో ఉంది కనుక నీవు వెళ్లవద్దు. దీని మీద వాదన అక్కరలేదు. ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారంలో బర్మా కాందిశీకుల ఫైళ్లు ఉన్నాయి. ముందు ఆ అభిలేఖాగారం వారి అభిలేఖ్ పటల్ వెబ్‌సైట్‌లో వెతుకు. ప్రతి కాగితం మీదా తేదీ రాసుకో.

ఇక నేను చేసిన తప్పు సంగతి. 1979లో, చరిత్ర పాఠాలు చెప్పే ఉద్యోగం కొత్తగా వచ్చి నేలమీద కాలు నిలవని రోజుల్లో, ఒక మధ్యాహ్నం అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, ఎవరూ అడగకుండానే, "సంక్రాంతి నాటికి మేము కొండ మీద ఉన్నాం" అన్నది. ఆమె నోట బర్మా మాట నేను వినడం అదే మొదలు. నేనేం చేయాలి? నోరు మూసుకుని మరో నాలుగు కాయలు చేతిలోకి తీసుకోవాలి. కానీ నేను, "జపాన్ సేన రంగూన్‌లో అడుగుపెట్టింది 1942 మార్చి 8న కదమ్మా, అప్పటికి సంక్రాంతి వెళ్లి ఎన్నాళ్లయింది?" అని దిద్దాను. అమ్మ చేతిలోని కాయను పళ్లెంలో పెట్టి, "అయితే నీ పుస్తకంలో ఉన్నదే నిజం" అని లేచిపోయింది. ఆ తరువాత ఎన్ని విధాల బతిమాలినా ఆ కొండ ఊసు ఎత్తలేదు.

తప్పు నాదేనని చాలా ఏళ్లకు తెలిసింది. రంగూన్ మీద మొదటి బాంబులు పడింది 1941 డిసెంబరు 23న. అక్కడ పనికి పోయిన మన కూలి జనం మార్చి దాకా ఆగలేదు. వేలకు వేలు ఆ వారంలోనే మూటలు కట్టుకుని ఉత్తరాన ఉన్న ప్రోమ్ ఊరి దారి పట్టి, అక్కడి నుంచి ఇండియా చేరడానికి అరకాన్ కొండలు దాటి, సముద్రతీరాన ఉన్న టౌంగుప్ వైపు నడిచారు. దారిలో కలరా. సంక్రాంతికి కొండ మీద ఉండడంలో వింతేముంది? అమ్మ నడక తేదీ సరైనదే. నా లెక్కే తప్పు.

ఆమె చెల్లెలు, నాలుగేళ్లది, ఆ దారిలోనే పోయిందని, దహనమైనా చేయలేక ఆకులు కప్పి ముందుకు నడవవలసి వచ్చిందని, వారితో కలిసి నడిచిన ఒక పెద్దావిడ తరువాత నాకు చెప్పింది. అప్పుడు గాని నాకు గుర్తు రాలేదు: అమ్మ పెట్టెలో అడుగున ఉండే లక్క డబ్బాలో ఒంటి వెండి పట్టీ ఒకటి ఉండేది. చిన్నపిల్ల కాలిది. రెండు మువ్వలు ఊడిపోయినది. ఏటా భోగి నాడు దాన్ని కుంకుడు రసంతో కడిగి, ఆరబెట్టి, మాట్లాడకుండా మళ్లీ దాచేది. జత ఏదని నేను ఒకసారి అడిగితే "పారేసుకున్నాను" అన్నది.

ఇప్పుడు నీ వంతు. విశాఖలో, బర్మా నుంచి తిరిగొచ్చినవారు స్థిరపడిన బర్మా క్యాంపులో, ముసలివాళ్లు ఎవరైనా మిగిలి ఉంటే వారి దగ్గరికి వెళ్లు. ఎంతమంది పోయారని అడగకు; ఏం మోసుకొచ్చారు, ఏం వండుకున్నారు అని అడుగు. నీకు తెలిసిన తేదీలను వారి మాటకు అడ్డం పెట్టకు. విన్నదాన్ని అదే రోజు బంధువుల గ్రూపులో పెట్టవద్దు. పెడితే నీతో మాట్లాడను, నిజంగానే.

రాత్రి రెండింటికి ఫైళ్లు చదువుతున్నావట. బుద్ధి ఉందా తల్లీ? నాయనమ్మ గదిలో పడుకోలేక చదువుతున్నావని నాకు తెలుసు. నేనూ ఇక్కడ ఆమె నేత చీర దిండు కింద పెట్టుకునే పడుకుంటున్నాను. తిని, నిద్రపోయి, పగలు వెతుకు.

లక్క డబ్బా నీ దగ్గరే ఉండనీ. ఆ పట్టీని మాత్రం కడగకు, నల్లబడితే నల్లబడనీ. భోగికి నేను వస్తాను, కుంకుడుకాయలు నానబెట్టి ఉంచు.

నీ పెద్దత్త