కంపెనీ రిజిస్టర్ కాకముందు రాసుకున్న అగ్రిమెంట్ చెల్లుతుందా?

ప్రశ్న: మేం ప్యాకింగ్ మెషిన్లు తయారుచేస్తాం. ‘ఏర్పడబోయే కంపెనీ తరఫున’ అని రాసి ఒక ప్రమోటర్ (కంపెనీ పెట్టడానికి పూనుకున్న వ్యక్తి) మాతో అగ్రిమెంట్ చేసుకున్నారు. కంపెనీ రిజిస్టర్ అయ్యాక మెషిన్ తీసుకుంది, ఒక వాయిదా కట్టింది. మిగతా సొమ్ము అడిగితే ‘సంతకం నాటికి కంపెనీయే లేదు, మాకు సంబంధం లేదు’ అంటున్నారు. ప్రమోటరేమో కంపెనీనే అడగమంటున్నారు. మా డబ్బు వస్తుందా?

జవాబు: రాబట్టుకునే దారి గట్టిగానే ఉంది, టెన్షన్ పడకండి. కంపెనీ వాళ్ల మాటలో కొంత నిజం లేకపోలేదు. ఇన్‌కార్పొరేషన్ (కంపెనీ రిజిస్ట్రేషన్) సర్టిఫికెట్‌లో ఉన్న తేదీ నుంచే కంపెనీకి చట్టం దృష్టిలో ఉనికి. అప్పటికి లేని కంపెనీ తరఫున ఎవరూ ఏజెంటుగా సంతకం చేయలేరు. అయితే 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్లు 15, 19 ఇక్కడే ఒక మినహాయింపు ఇచ్చాయి. కంపెనీ అవసరాల కోసం ప్రమోటర్లు చేసిన ఒప్పందం దాని స్థాపన నిబంధనలకు లోబడి ఉండి, కంపెనీ దాన్ని అంగీకరించి, ఆ సంగతి అవతలివారికి తెలియజేస్తే, దాన్ని అమలు చేయమని కంపెనీ మీదా దావా వేయవచ్చు.

కాబట్టి మీ కేసంతా ఆ అంగీకారం మీదే నడుస్తుంది. వాయిదా ఎవరి ఖాతా నుంచి వచ్చిందో ముందు బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో చూడండి. కంపెనీ ఖాతా నుంచే వచ్చి ఉంటే అది చాలా బలమైన సాక్ష్యం. కంపెనీ పేరిట ఇచ్చిన జీఎస్టీ ఇన్‌వాయిస్, కంపెనీ స్టాంపుతో ఉన్న డెలివరీ చలాన్, ఆ అగ్రిమెంట్‌ను ప్రస్తావించిన ఈమెయిల్ ఏది దొరికినా తీసిపెట్టండి. వాటి తేదీలు రిజిస్ట్రేషన్ తర్వాతివై ఉండాలి. ఒకవేళ అంగీకారం రుజువు కాకపోయినా, ఉచితంగా ఇవ్వని వస్తువును వాడుకుని లాభపడినవారు పరిహారం చెల్లించాలని కాంట్రాక్టు చట్టం సెక్షన్ 70 చెబుతోంది.

ప్రమోటర్‌ను మాత్రం వదలకండి. ఏర్పడబోయే హోటల్ కంపెనీ కోసం వైన్ కొన్నవారే సొంతంగా డబ్బు కట్టాలని 1866లోనే కెల్నర్ వర్సెస్ బాక్స్‌టర్ కేసులో ఇంగ్లండ్ కోర్టు తేల్చింది. ఎవరి తరఫున సంతకం చేశారో వారి మీద దావా వేయలేని పరిస్థితిలో సంతకం చేసినవారే బాధ్యులని భావించే మన కాంట్రాక్టు చట్టం సెక్షన్ 230 కూడా మీకు అనుకూలంగానే ఉంది. ఒక్కటి సరిచూసుకోండి. ప్రమోటర్ స్థానంలోకి కంపెనీ వచ్చిందంటూ తర్వాత మీరేదైనా కాగితం మీద సంతకం చేసి ఉంటే ఆయన బాధ్యత తప్పిపోవచ్చు.

ఇద్దరికీ కలిపి లీగల్ నోటీసు పంపండి. బాకీ 3 లక్షలకు తగ్గకుండా ఉండి, వ్యవహారం కమర్షియల్ కోర్టుకు (వ్యాపార వివాదాలు చూసే కోర్టు) వెళ్లేదైతే, అత్యవసర ఉత్తర్వులు కోరితే తప్ప దావాకు ముందే మధ్యవర్తిత్వానికి వెళ్లాలి. దావాకు గడువు 3 ఏళ్లు. అగ్రిమెంట్‌లో చెల్లింపు తేదీ లేకపోతే మెషిన్ అప్పగించిన రోజు నుంచే లెక్క మొదలవుతుంది, ఆ చలాన్ తేదీ ఈరోజే చూసుకోండి.